ఓటమిలో కెప్టెన్ వాటా ఎంత?

2021 మే 1న సన్‌రైజర్స్ హైదరాబాద్ డేవిడ్ వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి దించేసింది. అప్పటికి ఆ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది ఆ జట్టు. మర్నాడు రాజస్థాన్‌తో ఆడిన పదకొండు మందిలోనూ అతని పేరు లేదు. హైదరాబాద్‌కు 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్, 2015, 2017, 2019లలో మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్న బ్యాటర్, తోటి ఆటగాళ్లకు నీళ్లు మోస్తూ కనిపించాడు. దాని మీద మన జిల్లాలో రామగిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు మొదలైన పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. ప్రతి ఏటా ఐపీఎల్ వస్తుంది, ఎవరో ఒక కెప్టెన్ ఓడిపోతాడు, వార్నర్ పేరు మళ్లీ పైకి వస్తుంది.

ఇక్కడి వాదనకు పదును ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ అభిమానం నిట్టనిలువునా చీలి ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. హైదరాబాద్ అందుకు నాలుగింతలకు పైమాటే. కూలికీ, కాలేజీకీ, పెద్దాసుపత్రికీ ఇక్కడి జనం పట్టాలెక్కేది బెంగళూరు వైపు. మాటకీ, సినిమాకీ చూసేది హైదరాబాద్ వైపు. ఒకే ఇంట్లో అన్న ఆర్సీబీ, తమ్ముడు సన్‌రైజర్స్. ఈ రెండు జట్ల మధ్య మ్యాచ్ అంటే ఆ ఇంట్లో రాత్రి భోజనాలు ఆలస్యమైనట్టే.

రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. కింద రోడ్డు పక్కన టీ అంగడి దగ్గర ఐపీఎల్ నెలల్లో పొద్దుగూకితే బెంచీ మీద చోటు దొరకదు.

"ఆరిట్లో అయిదు పోగొట్టినోడిని నెత్తిన పెట్టుకోవల్లనా అన్నా? ఏ కంపెనీలోనైనా ఊరికే ఉంటారా?"

"పోగొట్టింది వాడొక్కడేనా? మిడిలార్డర్ యాడికి పోయింది అప్పుడు?"

"కెప్టెన్ అన్నాక మిడిలార్డర్ కూడా వాడిదే కదప్పా!"

ఈ మూడో మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. కెప్టెన్ అన్నాక అంతా అతనిదేనా? కాదు అనుకుంటే, ఎంత అతనిది? ఈ ప్రశ్నకు జవాబు "పాపం వార్నర్" అన్న జాలిలో దొరకదు, "తీసేయాల్సిందే" అన్న కోపంలోనూ దొరకదు. ఆ ఆరు మ్యాచ్‌లను మళ్లీ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. నేను అదే చేశాను.

ఆరు మ్యాచ్‌లు, ఒక పేరు

మొదటిది 2021 ఏప్రిల్ 11, చెన్నై. కోల్‌కతా 187 కొట్టింది. వార్నర్ మూడు పరుగులకే అవుటయ్యాడు. బెయిర్‌స్టో 55, మనీశ్ పాండే 61 నాటౌట్ కొట్టినా పది పరుగుల దూరంలో ఆగిపోయారు. చివరిదాకా క్రీజులో ఉండి కూడా పాండే వేగం పెంచలేదన్న మాట ఆ రోజే వినిపించింది.

రెండోది ఏప్రిల్ 14, అదే చెన్నైలో బెంగళూరు మీద. ఇక్కడివాళ్లకు ఇంటి పోరు. లక్ష్యం 150. వార్నర్ 37 బంతుల్లో 54 కొట్టి వెళ్లాడు. చివరి నాలుగు ఓవర్లకు 35 పరుగులు కావాలి, చేతిలో ఎనిమిది వికెట్లు ఉన్నాయి. గల్లీ క్రికెట్‌లో కూడా ఓడని పరిస్థితి. పదిహేడో ఓవర్ షాబాజ్ అహ్మద్ వేశాడు. బెయిర్‌స్టో, పాండే, అబ్దుల్ సమద్ ముగ్గురూ ఆ ఒక్క ఓవర్లోనే అవుటయ్యారు. ఆరు పరుగులతో ఓటమి. ఆ ఓవర్ జరుగుతుండగా వార్నర్ ప్యాడ్లు విప్పుకుని డగౌట్‌లో కూర్చుని ఉన్నాడు. ఈ ఓటమిని అతని ఖాతాలో రాసేవాళ్లను నేను ఎంత అడిగినా, ఆ ఓవర్లో అతను చేయగలిగి చేయని పని ఏమిటో ఒక్కరూ చెప్పలేకపోయారు.

మూడోది ముంబై మీద. లక్ష్యం 151. బెయిర్‌స్టో 22 బంతుల్లో 43 బాదాడు, వార్నర్‌తో కలిసి తొలి వికెట్‌కు 67 పరుగులు. తర్వాత వార్నర్ 36 దగ్గర హార్దిక్ పాండ్యా నేరుగా విసిరిన బంతికి రనౌటయ్యాడు. జట్టు 137కు కుప్పకూలింది. నాలుగోది పంజాబ్ మీద, తొమ్మిది వికెట్లతో గెలుపు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అయిదోది ఏప్రిల్ 25, ఢిల్లీ మీద. స్కోర్లు 159 దగ్గర సమమై సూపర్ ఓవర్‌కు వెళ్లింది. అంతకుముందు 18 బంతుల్లో 38 కొట్టిన బెయిర్‌స్టోను పక్కన కూర్చోబెట్టి, ఎనిమిది బంతుల్లో ఆరు పరుగులు చేసి రనౌటైన వార్నర్ తానే విలియమ్సన్‌తో కలిసి దిగాడు. అక్షర్ పటేల్ బౌలింగ్‌లో చివరి బంతికి తీసిన రెండు పరుగుల్లో ఒకదానికి వార్నర్ బ్యాటు గీత దాటి ఆనలేదని అంపైర్లు తేల్చారు. ఎనిమిది అనుకున్నది ఏడయింది. ఢిల్లీ ఆఖరి బంతికి ఎనిమిది చేసి గెలిచింది. ఆ ఒక్క పరుగు ఉండి ఉంటే ఆట ఇంకా మిగిలేది.

ఆరోది ఢిల్లీలో చెన్నై మీద. వార్నర్ 55 బంతులాడి 57 చేశాడు. అవతలి ఎండ్‌లో పాండే 46 బంతుల్లో 61 చేశాడు. ఆఖర్లో వచ్చిన విలియమ్సన్ పది బంతుల్లో 26 కొట్టాడు. 171 సరిపోలేదు. చెన్నై ఇంకా తొమ్మిది బంతులు ఉండగానే ముగించింది. మ్యాచ్ అయ్యాక వార్నర్ మైకు ముందు నిలబడి, నెమ్మదిగా ఆడింది తానేనని, బాధ్యత మొత్తం తనదేనని ఒప్పుకున్నాడు. మూడు రోజుల్లో కెప్టెన్సీ పోయింది.

ఇప్పుడు లెక్క కడదాం. అయిదు ఓటముల్లో కెప్టెన్‌దని వేలు పెట్టి చూపించగలిగినవి రెండు. ఒకటి సూపర్ ఓవర్. బెయిర్‌స్టోను పక్కన పెట్టిన నిర్ణయంలోనూ, గీత దాటని బ్యాటులోనూ వార్నర్ ఉన్నాడు. రెండోది ఆ 55 బంతుల ఇన్నింగ్స్. ముంబై మీద రనౌటులో సగం పాండ్యా గురి. మిగిలిన రెండూ మిడిలార్డర్ చేజార్చినవి.

అతని చేతిలో లేనివి ఇంకా ఉన్నాయి. యార్కర్ల నటరాజన్ మోకాలి గాయంతో మధ్యలోనే వెళ్లిపోయాడు. భువనేశ్వర్ కుమార్ గాయంతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. విలియమ్సన్ మోచేతి నొప్పితో మొదటి మూడింటికీ దూరం. పాండేను తప్పించినప్పుడు ఆ నిర్ణయం సెలెక్టర్లదని, తన దృష్టిలో అది కఠినమైనదని వార్నర్ బాహాటంగానే చెప్పాడు. ఆ మాట యాజమాన్యానికి నచ్చి ఉండదని ఇక్కడ చాలామంది గట్టిగా నమ్ముతారు. నేను నమ్మకాల జోలికి పోను. జరిగినదే చూస్తాను. కెప్టెన్ మారాక ఆ సీజన్‌లో మిగిలిన ఎనిమిది మ్యాచ్‌లలో హైదరాబాద్ గెలిచినవి రెండు. మొత్తం పద్నాలుగింట మూడు గెలుపులతో పట్టికలో అట్టడుగున నిలిచింది. జబ్బు కెప్టెన్ ఒక్కడే అయితే, అతన్ని తీసేశాక జట్టు లేచి కూర్చోవాలి కదా!

వార్నర్ ఫామ్‌లో లేడన్న వాదన ఉంది. అది నిజమే. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఎనిమిది మ్యాచ్‌లలో అతను చేసినవి 195 పరుగులు. సెప్టెంబరులో దుబాయ్‌లో మళ్లీ అవకాశం ఇస్తే సున్నా, షార్జాలో రెండు. అతన్ని తుది జట్టు నుంచి తప్పించడాన్ని నేను తప్పు పట్టలేను. కానీ నవంబరు 14న అదే దుబాయ్‌లో ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్ ఎత్తినప్పుడు ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఎవరు? ఏడు మ్యాచ్‌లలో 289 పరుగులు చేసిన వార్నర్. మనిషి అదే, బ్యాటు అదే, ఎడారి అదే. చుట్టూ ఉన్న జట్టు వేరు.

కప్పు ఇచ్చిందీ మనమే

ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 2016 మే 29 రాత్రికి వెళ్లాలి. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ఫైనల్. హైదరాబాద్ 208, బెంగళూరు 200. ఎనిమిది పరుగుల తేడా. వార్నర్ 38 బంతుల్లో 69 కొట్టాడు, కప్పు అందుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఈ ప్రాంతపు హైదరాబాద్ అభిమానికి అతను ఇంటి మనిషి. తర్వాత తెలుగు పాటలకు పెళ్లాం పిల్లలతో స్టెప్పులేసి ఆ బంధాన్ని ఇంకా గట్టి చేసుకున్నాడు.

అయితే ఆ కప్పు వెనుక 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ గెలిచిన భువనేశ్వర్ ఉన్నాడు. బ్యాటర్ల కాళ్ల దగ్గర బంతిని మాయం చేసిన ముస్తాఫిజుర్ 17 వికెట్లతో ఉన్నాడు. ఫైనల్లో 15 బంతుల్లో 39 కొట్టి, రెండు వికెట్లు కూడా తీసిన బెన్ కటింగ్ ఉన్నాడు. ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కటింగే. అయినా మనం కప్పును ఒక్క వార్నర్ పేరు మీదే రాశాం. గెలుపు మొత్తం ఒకడికి రాసిచ్చినవాళ్లం, ఓటమి మొత్తాన్నీ అదే పేరు మీద రాయడానికి వెనుకాడలేదు. 2021లో జరిగిన అన్యాయానికి పునాది 2016లో మన చేతులతోనే పడిందని నాకు అనిపిస్తుంది.

అదే రాత్రి అవతలి జట్టు సంగతి ఇంకా విచిత్రం. ఆ సీజన్‌లో విరాట్ కోహ్లీ 973 పరుగులు చేశాడు, నాలుగు సెంచరీలతో. ఫైనల్లోనూ 54. గేల్‌తో కలిసి పదిన్నర ఓవర్లలో 114 పరుగులు జోడించాడు. కోహ్లీ అవుటయ్యేటప్పటికి స్కోరు 140, ఇంకా ఏడు ఓవర్లకు పైగా ఆట ఉంది. డివిలియర్స్ అయిదుకే వెళ్లిపోయాడు, తర్వాతివాళ్లు తలా కాస్త కొట్టి ఆగిపోయారు. హిందూపురంలో ఆర్సీబీ అభిమానులు ఏళ్ల తరబడి తిట్టింది మాత్రం షేన్ వాట్సన్‌ను. నాలుగు ఓవర్లలో 61 పరుగులు ఇచ్చాడు, ఆఖరి ఓవర్‌లోనే 24. వాట్సన్‌ను తిట్టి అలసినవాళ్లు, ఆ ఓవర్ అతనికి ఇచ్చిన కోహ్లీని తిట్టారు.

ఆ సీజన్‌లో వాట్సన్ తీసిన వికెట్లు 20. అలాంటి బౌలర్‌కు ఆఖరి ఓవర్ ఇవ్వడం ఏ కెప్టెన్ అయినా చేసే పనే. నిర్ణయం సరైనదే, ఫలితం చెడింది. ఈ రెండింటినీ విడదీసి చూడడం ఓడిన రాత్రి ఎవరికీ సాధ్యం కాదు. మర్నాడైనా చేయాలి కదా అన్నదే నా వాదన. అదే వాట్సన్ రెండేళ్లకు, 2018 మే 27న ముంబైలో, చెన్నై తరఫున 117 నాటౌట్‌తో హైదరాబాద్ చేతిలోంచి కప్పు లాక్కుపోయాడు.

ధర్మవరం మగ్గం దగ్గర

ధర్మవరంలో ఒక నేతకారుడి ఇంట్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషితో చాలాసేపు మాట్లాడాను. యాభై దాటిన వయసు, హైదరాబాద్ వీరాభిమాని. పక్కన గోడకు ఆనించిన ఫోన్‌లో పాత మ్యాచ్ నడుస్తోంది, తెర మాత్రం గోడవైపు తిప్పి ఉంది. ఎందుకలా అని అడిగాను. "చూస్తే పోగు తెగతాది సార్. అందుకే వినడమే. వికెట్టు పడితే అరుపులోనే తెలుస్తాది, అప్పుడు నాడె ఆపి చూస్తా" అన్నాడు. జరీ అంచు దగ్గర చెయ్యి ఒక్క క్షణం కూడా తప్పలేదు.

వార్నర్ సంగతి అడిగాను. ఆయన జవాబు తన పనిలోంచే వచ్చింది.

"చీరలో తప్పు కనపడితే కూలీ కోసేది నాకే. రేషం నాసిరకమా, అద్దకం సరిగా పట్టలేదా, జకార్డు అట్ట తప్పా అని ఎవరడుగుతారు? నేసినోడు నేను, కనపడేది నేను. అట్లని నా తప్పు ఎప్పుడూ ఉండదని చెప్పను. మనసు యాడో పెట్టుకుని పేక వదులుగా కొట్టిన రోజు అది నా తప్పే, ఒప్పుకుంటా. వార్నర్ కూడా చెన్నై మీద పేక వదులుగా కొట్టినాడు. ఒప్పుకున్నాడు కూడా. అద్దకం తప్పు కూడా వాడి మీద వేస్తేనే నాకు ఒళ్లు మండేది."

ఈ పంచాయితీలో నేను విన్న మాటల్లో ఇంత తూకంగా చెప్పినది ఇంకొకటి లేదు. కెప్టెన్‌కు శిక్షే వద్దని ఆయన అనలేదు. చీరలో ఏ పోగు ఎవరిదో చూసి కూలీ కోయమన్నాడు.

పుట్టపర్తికి వచ్చి వెళ్లిన కెప్టెన్

ఈ కథ మన జిల్లాకు కొత్త కాదు. 1997 డిసెంబరు 30న పుట్టపర్తి హిల్ వ్యూ స్టేడియంలో యూనిటీ కప్ జరిగింది. భారత జట్టు ఒకవైపు, ప్రపంచ జట్టు ఒకవైపు. ఈ చుట్టుపక్కల పల్లెల జనం గుట్టల మీద నుంచి కూడా చూశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు ఇక్కడ ఆడినవాళ్లలో సచిన్ టెండూల్కర్ ఉన్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే అతని కెప్టెన్సీ పోయింది, హైదరాబాద్‌కు చెందిన అజారుద్దీన్‌కు మళ్లీ దక్కింది. ఆ సంగతి బోర్డు తనకు నేరుగా చెప్పలేదని, పత్రికల వాళ్ల ద్వారానే తెలిసిందని సచిన్ తర్వాత చెప్పాడు.

సచిన్ మీద అప్పుడు పడిన నిందలో పెద్ద ముక్క బార్బడోస్‌ది. 1997 మార్చి 31న బ్రిడ్జ్‌టౌన్‌లో గెలవడానికి 120 పరుగులు చాలు. భారత్ 81కి ఆలౌట్. రెండంకెల స్కోరు చేసింది ఒక్కరే, 19 పరుగులతో మన వీవీఎస్ లక్ష్మణ్. అదీ ఓపెనర్‌గా బలవంతాన పంపిన కుర్రాడు. సచిన్ రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు చేశాడు, కానీ మొదటి ఇన్నింగ్స్‌లో 92 చేసింది కూడా అతనే. ప్రధాన బౌలర్ శ్రీనాథ్ గాయంతో ఆ సిరీస్‌లో ఆడలేదు. ఆంబ్రోస్, బిషప్, రోజ్ ముగ్గురూ కలిసి పిచ్ మీద ఎగుడుదిగుడు బౌన్స్‌తో ఒక్కొక్కరినీ పంపించేశారు. ఆ రోజును సచిన్ తన ఆత్మకథలో చీకటి రోజుగా రాసుకున్నాడు.

సచిన్ టెస్ట్ కెప్టెన్సీ లెక్క చూస్తే 25 మ్యాచ్‌లు, నాలుగు గెలుపులు, తొమ్మిది ఓటములు. అంకెలు మంచివి కావు. అతను గొప్ప కెప్టెన్ అని నేను వాదించను. కెప్టెన్సీ పోయిన ఆ ఏడాదే, 1998 ఏప్రిల్‌లో, షార్జాలో ఆస్ట్రేలియా మీద రెండు రోజుల తేడాలో 143, 134 కొట్టాడు. ఆ బరువు దిగాక ఆట తేలికైందని అనుకునేవాళ్లు ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. నింద ఎంత న్యాయమైనదైనా, మోసేవాడి చేతుల్లోంచి ఆటను లాగేసుకుంటుంది.

అజారుద్దీన్ కూడా అదే గుండంలోంచి వచ్చినవాడే. 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. ఒక వికెట్‌కు 98 మీద ఉన్న భారత్ ఎనిమిదికి 120 అయింది, స్టాండ్లలో మంటలు లేచాయి, మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. ఆ ఏడాదే కెప్టెన్సీ సచిన్‌కు వెళ్లింది. ఫీల్డింగ్ తీసుకోవడం తెలివితక్కువా? ఆ టోర్నీలో ఛేజింగ్‌లో దడ పుట్టించిన జట్టు శ్రీలంక. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వకూడదన్న ఆలోచనలో పస ఉంది. పిచ్ రాత్రికి అలా పగిలిపోతుందని చదవలేకపోవడం మాత్రం అజార్ ఖాతాలోదే.

అనంతపురంలో ఏడు బంతులు

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అనంతపురం ఆర్డీటీ మైదానానికి వచ్చింది. ధర్మవరం, రామగిరి కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వెళ్లి చూశారు. టీవీలో చూసే మనుషులు తాడు పక్కన నిలబడి కనిపించారు. ఒక అభిమాని కంచె దూకి లోపలికి పరిగెత్తి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లు మొక్కి వచ్చాడు కూడా.

అదే మైదానంలో ఇండియా-డి కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని బ్యాటింగ్‌కు వచ్చాడు. ఖలీల్ అహ్మద్ బౌలింగ్‌లో ఏడు బంతులాడి సున్నాకు అవుటయ్యాడు. ఆ కళ్లద్దాల మీద దేశమంతా నవ్వింది. మూడు మ్యాచ్‌ల ఆరు ఇన్నింగ్స్‌లలో అతను చేసినవి 154 పరుగులు. ఇండియా-డి రెండు ఓడి, ఒకటి గెలిచింది. ఆ జట్టులో మన ఆంధ్రా ఆటగాడు రికీ భుయ్ రెండు సెంచరీలు కొట్టాడు. వాటి గురించి మాట్లాడుకున్నవాళ్లు, కళ్లద్దాల గురించి మాట్లాడుకున్నవాళ్లలో పదోవంతు కూడా ఉండరు. ఎండలో కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పు కాదు. బంతిని గాల్లోకి లేపి మిడాన్ చేతుల్లో పెట్టడం తప్పు. నింద ఎప్పుడూ కంటికి కనిపించే వస్తువును వెతుక్కుంటుంది.

క్రికెట్‌లో కెప్టెన్ మోసే ఈ నిందను అమెరికాలో క్వార్టర్‌బ్యాక్ మోస్తాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో జట్టు దాడి చేసే ప్రతి ఆటా అతని చేతిలోంచే మొదలవుతుంది. డల్లాస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో, పక్కనే ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు బడిలో కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ గురించి వాదించుకుంటూ పెరుగుతున్నారు. 2024 జనవరి 14న సొంతగడ్డ మీద ప్లేఆఫ్‌లో కౌబాయ్స్ 48-32తో గ్రీన్ బే చేతిలో ఓడింది. ప్రెస్కాట్ విసిరిన రెండు బంతులు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి, అందులో ఒకటి నేరుగా వాళ్లకు పాయింట్లు తెచ్చిపెట్టింది. అది అతని తప్పే. అయితే గ్రీన్ బే దాడి చేస్తున్నంతసేపూ అతను బెంచీ మీద ఉన్నాడు. వాళ్లను ఆపాల్సింది వేరే పదకొండు మంది. అయినా రాత్రంతా మారుమోగింది అతని పేరే. ఎనిమిది నెలలు తిరక్కుండానే జట్టు యజమాని అతనికి నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చాడు. యజమాని లెక్క వేరు, స్టాండ్లలో కూర్చున్నవాడి లెక్క వేరు.

నింద ఎక్కడ ఆగాలి

టిక్కెట్టు కొన్నవాడికి, రాత్రి నిద్ర పాడుచేసుకున్నవాడికి తిట్టే హక్కు ఉంది. దాన్ని నేను కాదనను. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి బస్సెక్కిన కుర్రాడు, ఇల్లు చేరేదాకా కోహ్లీనో కమిన్స్‌నో తిట్టుకుంటూ పోతే ఎవరికీ నష్టం లేదు. అతను ఆటను ప్రేమిస్తున్నాడు, అంతే.

హద్దు దాటిన ఘటన కూడా ఇదే 2021లో జరిగింది. అక్టోబరు 24న దుబాయ్‌లో భారత్ పాకిస్తాన్ చేతిలో పది వికెట్లతో ఓడింది. మహ్మద్ షమీని మతం పేరుతో తిట్టారు. కెప్టెన్ కోహ్లీ విలేకరుల ముందు షమీ పక్కన గట్టిగా నిలబడ్డాడు. ఆ తర్వాత కోహ్లీ కూతురి మీద, ఏడాది కూడా నిండని పాప మీద, బెదిరింపు వచ్చింది. రాయడానికి కూడా చెయ్యి రాని బెదిరింపు. ఆ కేసులో అరెస్టు జరిగింది హైదరాబాద్ ప్రాంతంలోనే. తర్వాత 2023లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. కేసు పోయినా, ఆ మాట మన మధ్య పుట్టిందన్న ఆరోపణ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. స్లో ఇన్నింగ్స్‌కు, తప్పు టాస్‌కు, గీత దాటని బ్యాటుకు ఆటగాడు జవాబు చెప్పాలి. అతని పిల్లలు చెప్పనక్కర్లేదు.

రామగిరి టీ అంగడి దగ్గర కుర్రాళ్లను నేను అడిగింది ఒక్కటే. కెప్టెన్‌ను తిట్టే ముందు, అతను ఏ బంతి దగ్గర, ఏ నిర్ణయం దగ్గర తప్పు చేశాడో చెప్పండి. చెప్పగలిగితే ఎంతసేపైనా తిట్టండి. ఈ నియమం పెట్టాక వాదన ఆగిపోలేదు, ఇంకా వేడెక్కింది. సూపర్ ఓవర్‌లో బెయిర్‌స్టో సంగతి మీద ఒక గంట గడిచింది. పదిహేడో ఓవర్లో పాండే కొట్టిన షాట్ మీద ఇంకో అరగంట. అందులో చాలామందికి ఆ ఓవర్ బంతి బంతికీ గుర్తుంది. ఇంత గుర్తున్నవాళ్లు ఇన్నేళ్లూ ఒక్క పేరుతో ఎలా సరిపెట్టుకున్నారో నాకు ఆశ్చర్యం వేసింది.

చివరికి మాట 2025 జూన్ 3కి వచ్చింది. అహ్మదాబాద్‌లో బెంగళూరు ఆరు పరుగులతో పంజాబ్‌ను ఓడించి, పద్దెనిమిదో సీజన్‌లో తొలిసారి కప్పు గెలిచింది. హిందూపురం రోడ్ల మీద అర్ధరాత్రి దాకా టపాసులు. ఓడిన పంజాబ్‌కు కెప్టెన్ శ్రేయస్ అయ్యరే. అనంతపురంలో నవ్వులపాలైన మనిషే. ఫైనల్లో ఒక్క పరుగుకు అవుటయ్యాడు. అంతకు రెండు రోజుల ముందు ముంబై మీద 41 బంతుల్లో 87 నాటౌట్ కొట్టి జట్టును ఫైనల్‌కు తెచ్చిందీ అతనే. ఆ సీజన్‌లో అతని పరుగులు 604.

ఆర్సీబీ జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు అయ్యర్‌ను వెనకేసుకొచ్చాడు. "పదకొండేండ్ల తర్వాత పంజాబును ఫైనల్‌కి తెచ్చినోడప్పా, ఒక్క రోజు పోతే ఏమయింది?"

పక్కనున్న హైదరాబాద్ అభిమాని వెంటనే అందుకున్నాడు. "మీ కెప్టెన్ పటీదార్ ఒక్క పరుగుకు పోయి, మీరు ఓడి ఉంటే ఇదే మాట అంటాండ్లేనా?"

ఆ కుర్రాడు టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "అనేవాణ్ణి కాదు," అన్నాడు. "ముందు పటీదార్‌నే అనేవాణ్ణి. తర్వాత ఎప్పుడైనా ఇట్ల కూచోబెట్టి అడిగితే, ఏ బాల్‌కి అవుటయ్యాడో చూసి చెప్పేవాణ్ణి."